మిరప గదిలో చిక్కుడుకాయలు

నరసరావుపేట పక్కన ఒక కోల్డ్ స్టోరేజీలో ముప్పై ఏళ్ళు మిషన్ ఆపరేటరుగా పనిచేసి, రెండేళ్ళ కిందట దిగిపోయాను. మా వైపు దాన్ని అంత పొడుగు పేరుతో ఎవరూ పిలవరు. ‘ఏసీ’ అంటారు. ‘కాయ ఏసీలో పెట్టాం’ అని రైతు అన్నాడంటే పడగ్గదిలో మిరపకాయలకి చల్లగాలి వేశాడని కాదు, బస్తాలు తెచ్చి మా గుమ్మంలో దించాడని. ఆ మిరప బస్తాని టిక్కీ అంటారు. నా ఉద్యోగమంతా టిక్కీల మధ్యే గడిచిపోయింది.

ఈ పనిలో కొత్తగా చేరిన పిల్లలు కనిపించినప్పుడల్లా గ్యాసు లీకైన కథ చెప్పమంటారు, కరెంటు పోయి మూడు రోజులు జనరేటరు మీద నడిపిన కథ చెప్పమంటారు. అవి ప్రతి ఆపరేటరుకీ ఉంటాయి. మీకూ వస్తాయి, తొందరపడకండి. నేను ఇప్పుడు చెప్పబోయేది మాత్రం నా ఒక్కడికే జరిగింది. ఇందులో మిరపకాయలు లేవు. అంటే, లేవని నేను అనుకున్నాను. అదే అసలు గొడవ.

ముందు నా ముక్కు గురించి చెప్పాలి. మా అబ్బాజాన్ ఆయిల్ ఇంజన్ల మెకానిక్కు. ఆ షెడ్డులో డీజిలు వాసనతో పెరిగిన ముక్కు నాది. దేనికైనా తట్టుకుంటుందనుకున్నాను. ఏసీలో చేరిన మొదటి వారం తుమ్మి తుమ్మి పక్కటెముకలు నొప్పి పుట్టాయి. సాయంత్రం ఇంటికి వెళితే మా ఆవిడ గుమ్మం బయటే ఆపి, చొక్కా అక్కడే విప్పించి, నా మీద రెండు బిందెల నీళ్ళు పోసిగానీ లోపలికి రానిచ్చేది కాదు. ఆరు నెలలకి తుమ్ములు తగ్గాయి. రెండేళ్ళకి ఘాటు తెలియడం మానేసింది. ఆ తర్వాత మా హమాలీల మేస్త్రీ, నేను టిక్కీల మీదే కూర్చుని క్యారేజీ విప్పుకుని అన్నం తినేవాళ్ళం. కొత్తవాళ్ళెవరైనా లోపలికి వచ్చి దగ్గుతుంటే, మేమిద్దరం ఒకరి ముఖం ఒకరు చూసుకుని నవ్వుకునేవాళ్ళం. ముక్కు పనిచేయడం మానేస్తే దాన్ని అనుభవం అనుకుని మురిసిపోయాం.

రొంపిచెర్ల వైపు ఒక పల్లె నుంచి ఏటా మాకు టిక్కీలు తెచ్చే కుటుంబం ఒకటుండేది. మామ, కొడుకు, కోడలు. కొడుకు మాట్లాడితే ముత్యాలు రాలతాయన్నట్టు ఉంటాడు. రసీదులు రాయించుకోవడం, బస్తాలు లెక్క చూసుకోవడం, మాతో పోట్లాడటం అన్నీ కోడలే. వాళ్ళ తోటకి వరసగా రెండేళ్ళు తామర పురుగు తగిలి మిరప నిలువునా మాడిపోయింది. మొదటి ఏడు నుంచే చెబుతూ వచ్చిన ఆ అమ్మాయి, మూడో ఏడు పట్టుబట్టి ఒక అరెకరంలో మిరప మాన్పించింది. బొంగులు పాతించి, తీగ లాగించి, చిక్కుడు పందిరి వేయించింది.

మామగారికి ఒళ్ళు మండింది. పల్నాడులో పుట్టి మిరప వేయాల్సిన చేలో కూరగాయలు వేయడమంటే ఆయనకి నలుగురిలో తలెత్తుకోలేని పని. “ఈ ఒక్క మాఘం చూస్తా. నీ కాయ ఒక దారిన పడిందా, సరే. లేదంటే ఆ బొంగులు పీకి పొయ్యిలో పెడతా. మళ్ళీ మిరపే” అని గడువు పెట్టాడు.

ఆ అమ్మాయి ఊరుకునే రకం కాదు. నరసరావుపేటలో పేరున్న వంటమేస్త్రీ ఒకాయన ఉన్నాడు. ముందు ఆయన్ని ఖాయం చేసుకుని, ఆ తర్వాత ముహూర్తం పెట్టించుకునే ఇళ్ళు కూడా ఉన్నాయి. మొదటి కాపు సంచీలో వేసుకుని ఆయన ఇంటికే వెళ్ళింది. ఆయన ఒక కాయ విరిచాడు, వాసన చూశాడు, పచ్చిదే నమిలాడు. “కాయ బాగుంది. మాఘంలో ఒక పెద్ద పెళ్ళి ఉంది, క్వింటా పైన పడుద్ది. అక్కడ నాకు మాట రాకుండా ఉంటే ఈ సీజను పెళ్ళిళ్ళన్నిటికీ నీ దగ్గరే తీసుకుంటా” అన్నాడు. ఇంకేం కావాలి? ఇంటికి వెళ్ళి మామగారికి చెప్పింది. ఆయన మీసం కింద ఏదో గొణిగి ఊరుకున్నాడట.

అంతా బాగానే ఉంది. ముహూర్తం సంగతి పాదుకి ఎవరూ చెప్పలేదు. పెళ్ళి ఇంకా పది రోజులుందనగా పందిరి మొత్తం ఒక్కసారిగా కాపుకొచ్చింది. చిక్కుడుకాయ సంగతి తెలిసినవాళ్ళకి చెప్పక్కర్లేదు. గింజ చేతికి తగిలీ తగలనట్టు ఉన్నప్పుడే కోయాలి. నాలుగు రోజులు ఆగితే గింజ ఉబ్బుతుంది, తోలు నారగా మారుతుంది, కూర వండితే నమిలి ఊయాల్సిందే. కోసి ఇంట్లో పెడితే వాడిపోతుంది, కుప్పపోస్తే మగ్గిపోతుంది. అందుకని ఒకరోజు పొద్దున్నే మోపెడ్ వేసుకుని నా దగ్గరికి వచ్చింది.

“అన్నా, నీ ఏసీలో పది రోజులు కాయ పెట్టుకుంటావా?”

“పది నెలలు పెడతన్నాం. పది రోజులేందమ్మా?”

“మిరప కాదన్నా, చిక్కుడుకాయ.”

‘నాకు తెలియదమ్మా, కనుక్కుని చెబుతా’ అని అప్పుడే లేచిపోవాల్సింది. కానీ పక్కన మేస్త్రీ ఉన్నాడు, టీ తెచ్చినవాడు ఉన్నాడు. మనిషికి నలుగురిలో నోరు ఊరికే ఉండదు కదా. “మా గదిలో పది రోజులుంటే మనిషే ముదరడు, చిక్కుడుకాయ ఎంత?” అన్నాను. టీ వాడు నవ్వాడు. ఆ నవ్వుతో నా మాట ఖాయమైపోయింది.

ఆ రోజుల్లో మా దగ్గర గదులు ఖాళీగానే ఉంటాయి. పాత కాయ వెళ్ళిపోయి ఉంటుంది, కొత్త కాయ రావడానికి ఇంకా నెల పడుతుంది. ఒక చిన్న గది తెరిచి, ఊడిపించి, మిషన్ వేశాను. చిక్కుడుకి మరీ చల్లదనం పెడితే తోలు మీద మచ్చలొస్తాయని నాకు తెలుసు, మిరపకి పెట్టేదానికంటే నాలుగు డిగ్రీలు ఎక్కువ పెట్టాను. ఇంత జాగ్రత్త పడ్డానని ఇప్పుడు కూడా గర్వంగానే చెబుతున్నాను, ఎందుకంటే ఈ కథలో నేను సరిగ్గా చేసిన పని అదొక్కటే.

“ఓనరుకి చెప్పవా?” అని మేస్త్రీ అడిగాడు.

“చిక్కుడుకాయలకి ఓనరెందుకు?” అన్నాను.

మర్నాడు మధ్యాహ్నానికి కాయ వచ్చింది. చూడముచ్చటగా ఉంది. పొద్దున మంచు ఆరేదాకా ఆగి, గుత్తి లాగకుండా ఒక్కో కాయా తొడిమతో గిల్లి కోయించిందట. తడి కాయ ఒక్కటి ఉన్నా పక్కనున్న పది పాడవుతాయని కూలీలతో పోట్లాడి మరీ ఏరించిందట. ప్లాస్టిక్ ట్రేలలో సర్ది తెచ్చింది. ట్రేలు చాలలేదు. మిగిలిన కాయ పాత దుప్పట్లో మూట కట్టి తెచ్చింది.

మూటలో గాలి ఆడదు, మగ్గిపోతుంది. నేను, మేస్త్రీ ఆలోచించాం. మా దగ్గర లేనిది ఏమైనా ఉంటే ఉండొచ్చు గానీ ఖాళీ గోతాలకి కరువేముంది? నాలుగు మంచి టిక్కీ గోతాలు తీసి, బయటికి తీసుకెళ్ళి, గోడకేసి మూడుసార్లు కొట్టి దులిపాం. మేస్త్రీ ఒక గోతంలోకి తల పెట్టి గట్టిగా వాసన పీల్చాడు. “ఏం లేదు” అన్నాడు. నేనూ తల పెట్టాను. నాకూ ఏం లేదు. పరీక్ష పూర్తయింది.

ఆ అమ్మాయి పదడుగుల దూరంలో నిలబడి కొంగు ముక్కుకి అడ్డం పెట్టుకుంది. “అన్నా, ఘాటు కొడతందేమో” అంది దగ్గుతూ.

“ఘాటు ఏందమ్మా? నీది మరీ సుకుమారం” అన్నాను. మేస్త్రీ, నేను ఒకరి ముఖం ఒకరు చూసుకుని, మామూలుగానే, నవ్వుకున్నాం.

పది రోజులూ ఆ కాయని నేను చంటిబిడ్డలా చూసుకున్నాను. రోజుకి రెండుసార్లు వెళ్ళి ఒక కాయ విరిచేవాణ్ణి. టప్పున విరిగేది. ఫోటో తీసి ఆ అమ్మాయి ఫోనుకి పంపేవాణ్ణి. ఆమె రెండు చేతులూ జోడించిన బొమ్మ పంపేది. గదిలో ఫ్యాన్లు పగలూ రాత్రీ తిరుగుతూనే ఉన్నాయి. ఆ గోడలూ, ఆ నేలా ఇరవై ఏళ్ళు మిరపకాయలతో కాపురం చేసినవనీ, ఫ్యాను గాలికి కంటికి కనపడని పొడి లేచి మెల్లగా నా బిడ్డల మీద పడుతోందనీ తెలియడానికి నా దగ్గర ఒక ముక్కు ఉండాలి కదా.

పెళ్ళి రోజు పొద్దున ఆరు గంటలకి ట్రాలీ ఆటోలో కాయ ఎక్కించాం. నేను వెళ్ళాల్సిన పనిలేదు. నిజం చెప్పాలంటే పొగడ్తలు వినడానికి వెళ్ళాను.

కల్యాణ మండపం వెనక వంటశాలలో వంటమేస్త్రీ మొదటి ట్రే ముందు వంగి ఒక కాయ తీసి విరిచాడు. “పొద్దున కోసిందా ఏంది?” అన్నాడు.

“పది రోజులైంది” అన్నాను, కాలరు సర్దుకుంటూ.

“భాయ్, నువ్వు మామూలోడివి కాదయ్యా” అన్నాడాయన. ఆ అమ్మాయి ముఖం వెలిగిపోయింది. ఆ మాట దగ్గర కథ ఆగిపోతే ఎంత బాగుండేది!

ఇరవై మంది ఆడవాళ్ళు జంపఖానా మీద గుండ్రంగా కూర్చున్నారు. వంటవాళ్ళు కొందరు, పెళ్ళివారి చుట్టాలు కొందరు. ట్రేలూ గోతాలూ మధ్యలో బోర్లించారు. ఈనెలు తీయడం మొదలైంది. కబుర్లు, నవ్వులు. ఒకావిడ నుదుటి మీద జుట్టు వెనక్కి తోసుకుంది. ఇంకొకావిడ ముక్కు దురదపెట్టి రుద్దుకుంది. మరొకావిడ నవ్వి నవ్వి వచ్చిన కన్నీళ్ళు వేలితో తుడుచుకుంది.

ఐదు నిమిషాల్లో మొదటి తుమ్ము. పదో నిమిషానికి ఇరవై మందీ ఏడుస్తున్నారు. మామూలు ఏడుపు కాదు, ధారలు. కళ్ళు మండితే తుడుచుకుంటారు, తుడుచుకున్న వేళ్ళకే పొడి ఉంది, తుడుచుకున్న కొద్దీ ఇంకా మండుతుంది. కొంగులు తడిసిపోయాయి. ఒకావిడ ముక్కు చీదుతూ ఇంకొకావిడ భుజం మీద వాలిపోయింది.

సరిగ్గా అప్పుడే పెళ్ళికూతురి నానమ్మ కాఫీ కోసం అటు వచ్చింది. అందరూ గుండ్రంగా కూర్చుని ఏడుస్తుంటే చూసి గుమ్మంలోనే నిలబడిపోయింది. “ఏందే, తాళి కట్టకముందే అప్పగింతలు పెట్టారు?” అంది. తర్వాత ఆమెకీ పిల్ల వెళ్ళిపోతుందని గుర్తొచ్చినట్టుంది, నిజంగానే కళ్ళు తుడుచుకుంటూ లోపలికి వెళ్ళిపోయింది. వెంటనే పెళ్ళికూతురి పిన్ని కూతురు ఎవరో ఫోను పట్టుకుని పరుగెత్తుకొచ్చి వీడియో తీసి, దానికి ఒక విషాదపు సంగీతం తగిలించి, స్టేటస్ పెట్టేసింది. అది చూసి గురజాల నుంచి బయల్దేరిన చుట్టాలు దారిలోనే ఫోను చేసి ‘ఎవరికేమైంది’ అని అడిగారట.

వంటమేస్త్రీ మాత్రం నవ్వలేదు. ఒక కాయ తీసి వేళ్ళ మధ్య నలిపాడు. కళ్ళు ఎర్రబడ్డ తన మనుషుల్ని చూశాడు. ఆ అమ్మాయి వైపు తిరిగాడు.

“ఏం మందు కొట్టావమ్మా?”

“మందేందన్నా?”

“నిన్న మొన్న కొట్టి కోశావా? చెప్పు. వెయ్యిమంది తినే కూర ఇది.”

“నా బిడ్డ మీద ఒట్టన్నా. వేపనూనె తప్ప ఏమీ కొట్టలా. అదీ పూత మీద.”

‘మందు’ అన్న మాట వినగానే ఇరవై జతల చేతులు కాయల మీద నుంచి లేచిపోయాయి. పురుగుమందు అంటే మా ప్రాంతంలో ఎవరికీ వేళాకోళం కాదు. ఒకావిడకి ఆ మాటకే కళ్ళు తిరిగాయి. ఇంకొకావిడ “ఆస్పత్రికి పోదామా?” అంది. ఆ అమ్మాయి అందరి ముఖాలూ చూస్తోంది. ఒక్కరూ ఆమె ముఖంలోకి చూడటం లేదు. ఈ మాట బయటికి వెళితే ఆమె కాయ నరసరావుపేటలో ఇంకెవరూ కొనరు. సాయంత్రానికి మామగారికి తెలుస్తుంది. మర్నాటికి బొంగులు పొయ్యిలో ఉంటాయి.

ఇక్కడ మీకు ఒక మాట చెప్పాలి, చెప్పడానికి నాకు ఇష్టం లేని మాట. నాకు అప్పటికే అర్థమైపోయింది. గోతాలు, గోడలు, ఫ్యాన్లు, ఆ అమ్మాయి దగ్గు అన్నీ ఒక్కసారిగా కళ్ళ ముందుకొచ్చాయి. నోరు తెరిస్తే చాలు. కానీ మధ్యాహ్నం భోజనానికి మా ఓనరు అక్కడికే వస్తున్నాడు, ఆయనకి చెప్పకుండా గది వాడాను. పైగా ‘మామూలోడివి కాదు’ అనిపించుకుని ఇంకా పావుగంట కూడా కాలేదు. నేను నేలకేసి చూస్తూ నిలబడ్డాను. ఒక నిమిషం అయి ఉంటుంది. ఆ నిమిషంలో వంటమేస్త్రీ “ఎత్తండి ఇవన్నీ, బయట పారబొయ్యండి” అని తన మనుషులకి చెప్పాడు. ఆ అమ్మాయి ట్రే మీద రెండు చేతులూ వేసి పట్టుకుంది.

అప్పుడు చెప్పాను. “మందు కాదు మేస్త్రీ గారూ. మిరప పొడి. తప్పు నాది. మా గదిలో పెట్టాను, టిక్కీ గోతాల్లో పోశాను.”

“నువ్వు వాసన చూసుకోలా?”

“చూశాను. నాకు తెలియదు. ముప్పై ఏళ్ళుగా అక్కడే ఉన్నాను.”

ఆయన నమ్మలేదు. ఆమెని కాపాడటానికి అబద్ధమాడుతున్నానేమో అన్నట్టు చూశాడు. ముక్కు పోయింది గానీ కళ్ళు పోలేదు కదా అని ఒక కాయ తీసి, ఈనె లాగి, ఆ వేళ్ళతోనే నా కుడికన్ను గట్టిగా రుద్దుకున్నాను.

ఆ తర్వాత కాసేపు ఏం జరిగిందో నేను చూడలేదు. విన్నాను. ముందు నా కేక విన్నాను. తర్వాత వంటమేస్త్రీ నవ్వు విన్నాను. ఆయన పొట్ట పట్టుకుని, గోడకి ఆనుకుని నవ్వాడట. ఏడుస్తున్న ఇరవై మందీ ఏడుస్తూనే నవ్వడం మొదలుపెట్టారు. ఎవరో నా ముఖాన చెంబుతో నీళ్ళు కొట్టారు. ఆ కొట్టిన తీరు చూస్తే అందులో కొంత కోపం కూడా ఉందనిపించింది.

“సరే, ఇది మన పల్నాటి మందే” అన్నాడు వంటమేస్త్రీ. అక్కడి నుంచి ఆయన పని ఆయనది. అందరి చేతులకీ కొబ్బరినూనె రాయించాడు. కాయల మీద శనగపిండి చల్లి, కొంచెం నూనె చిలకరించి, ఇద్దరు మగవాళ్ళ చేత రుద్దించి, మూడు తొట్ల నీళ్ళలో ఒకదాని తర్వాత ఒకటి కడిగించాడు. ఆ కడిగిన ఇద్దరు మగవాళ్ళలో నేను ఒకణ్ణి. రెండోవాడు ట్రాలీ ఆటో డ్రైవరు, పాపం ఏ తప్పూ లేకుండా ఇరుక్కుపోయాడు. కూర పొయ్యి మీదికి ఎక్కేటప్పుడు వంటమేస్త్రీ అందరికీ వినపడేలా చెప్పాడు: “చిక్కుడుకాయలో ఎవరూ కారం వెయ్యమాకండి. భాయ్ ముందే వేసుకొచ్చాడు.”

మధ్యాహ్నం మొదటి బంతి లేచేదాకా ఆ అమ్మాయి ఒక స్తంభం పక్కన నిలబడే ఉంది. నేను ఇంకో స్తంభం పక్కన ఒంటికంటితో నిలబడ్డాను. మాచర్ల వైపు పెద్దమనిషి ఒకాయన చిక్కుడుకాయ కూర నోట్లో పెట్టుకుని ముఖం చిట్లించాడు. ఆయన వడ్డించేవాణ్ణి పిలిచాడు.

“ఏందయ్యా ఈ కూర? చప్పగా ఏడ్చింది. కాసింత కారప్పొడి పట్టుకురా.”

ఆ వరసలో ఇంకో ముగ్గురు కూడా కారప్పొడి అడిగారు. అంత కడిగితే ఇంకేం మిగులుతుంది? వంటమేస్త్రీ నా వైపు ఒక చూపు చూశాడు. కానీ కూర అడుగంటా ఖాళీ అయింది. మూడో బంతికి చాలక టమాటా కలపాల్సి వచ్చింది.

మా ఓనరు భోజనానికి కూర్చోకముందే ఆ వీడియో ఆయన ఫోనుకీ, గోతాల సంగతి ఆయన చెవికీ చేరాయి. చేయి కడుక్కుని నేరుగా నా దగ్గరికి వచ్చాడు. నా ఎర్ర కన్ను చూశాడు. నేను ఉద్యోగం పోయిందనే అనుకున్నాను.

“నాకు చెప్పకుండా ఏసీలో కూరగాయలు పెట్టావా?”

“పెట్టాను సార్.”

“ఆ గదిలోకి నెల తర్వాత కాయ వస్తుంది. చిక్కుడు వాసన పడితే రైతులకి ఎవరు జవాబు చెప్తారు?”

ఇరవై ఏళ్ళు మిరప నిలవున్న గదికి పది రోజుల చిక్కుడు వాసన పడుతుందని ఆయన భయం! ఆయన ముక్కు కూడా మా ముక్కుల్లాంటిదే. నేనూ మా హమాలీల మేస్త్రీ కలిసి ఆ గది రెండు రోజులు కడిగాం. ఆ రెండు రోజులూ మేస్త్రీ నాతో మాట్లాడలేదు.

పెళ్ళి రోజునే, బంతులన్నీ లేచాక, వంటమేస్త్రీ ఆ అమ్మాయిని పిలిచి తేల్చి చెప్పాడు. “కాయ మంచిది. కానీ నిలవ పెట్టింది నాకొద్దు. పొద్దున కోసి పొద్దున తెచ్చెయ్. మా ముహూర్తానికి నీ కాయ రాదు, అది మనిద్దరికీ తెలిసింది. నీ కాయ ఎప్పుడొస్తే ముందురోజు ఫోను కొట్టు, ఆ రోజు నా పెళ్ళిళ్ళలో చిక్కుడుకాయ. లేనిరోజు వంకాయ.” అంత పేరున్న మనిషి తన వంటల జాబితాని ఒక పాదుకి వదిలేశాడు. ఆ అమ్మాయి తల ఊపింది.

వెనక్కి వచ్చేటప్పుడు ఖాళీ ట్రేల పక్కన ఆమె, డ్రైవరు పక్కన నేను. మా గేటు దగ్గర దిగాను. “తప్పు అయిపోయిందమ్మా” అన్నాను.

“గోతాల్లో పొయ్యటం తప్పు కాదన్నా. ఎవరైనా పోస్తారు. నేనూ చూస్తా ఊరుకున్నాగా” అంది. “మందు కొట్టావా అని ఆయన నన్ను అడిగినప్పుడు నీకు తెలుసు. తెలిసి నేల చూశావు.”

“చెప్పాగా అమ్మా.”

“చెప్పావు. ఆ లోపల నేను చచ్చి బతికా.”

ఆటో వెళ్ళిపోయింది. నాకు సిగ్గేసింది. ముప్పై ఏళ్ళలో మిషన్లు పాడు చేశాను, ఒకసారి నా పొరపాటుకి ఇరవై టిక్కీలు తడిసిపోయాయి, ఓనరు చేత చీవాట్లు తిన్నాను. వాటిలో దేనికీ ఇంత సిగ్గుపడలేదు. కన్ను రెండు రోజుల్లో బాగయింది.

ఆ మాఘమంతా, ఫాల్గుణమంతా కోత రోజుల్లో పొద్దున ఏడు గంటలకి చిక్కుడుకాయల ట్రాలీ ఆటో మా గేటు ముందు నుంచే పేటకి వెళ్ళేది. ఆమె ముందు సీటులో కూర్చుని ఉండేది. గేటులో మా మేస్త్రీ ఉంటే చేయి ఊపేది. నేను ఉంటే రోడ్డు చూసేది. నాకు దక్కాల్సిందే దక్కిందని అనుకునేవాణ్ణి. అయినా కోత రోజుల్లో ఏదో ఒక పని కల్పించుకుని ఏడింటికి గేటు దగ్గరికి వెళుతూనే ఉండేవాణ్ణి.

ఎండలు ముదిరాక మిరప సీజను మొదలైంది. ఒకరోజు వాళ్ళ మామగారు టిక్కీలు వేసుకుని వచ్చాడు. మిగిలిన పొలంలో మిరప ఆ ఏడు బాగానే వచ్చింది. దించడం అయ్యాక రసీదు కోసం నా బల్ల ముందు కూర్చుని తువ్వాలుతో ముఖం తుడుచుకున్నాడు.

“మా కోడలు ఇంకో అరెకరం పందిరి అడుగుతంది” అన్నాడు. “ఇచ్చా. ఇవ్వక చస్తానా? పెళ్ళిళ్ళోళ్ళు ఇంటికే ఫోన్లు చేస్తన్నారు.”

“మంచిదే కదండీ” అన్నాను తల ఎత్తకుండా, రాసుకుంటూ.

“నీ సంగతి కూడా చెప్పిందయ్యా. ఆ రోజు ఆ వంటాయన మందు అంటే, అడిగీ అడగ్గానే తప్పు నాదని ముందుకొచ్చావంటగా? లేకపోతే మా పందిరి ఆ రోజే పోయేదంట. అట్టాంటోళ్ళు ఇప్పుడు ఎక్కడున్నారు చెప్పు?”

పెన్ను ఆగిపోయింది. రెండు నెలలుగా నా ముఖం చూడని మనిషి, ఇంట్లో నా గురించి అలా చెప్పింది. ‘ఏదోలెండి’ అని రసీదు చేతిలో పెడితే అయిపోయేది. ఆయన సంతోషంగా వెళ్ళిపోయేవాడు. నేను మళ్ళీ నేలకేసి చూస్తున్నానని గమనించుకున్నాను.

“అడగ్గానే కాదు పెద్దాయనా” అన్నాను. “మీ కోడలు నా మీద దయతో అట్టా చెప్పింది. నేను ముందు చెప్పలేదు. ఆమెని అందరూ అంటుంటే వింటూ నిలబడ్డాను. ఆ తర్వాత చెప్పాను.”

ఆయన తువ్వాలు దులిపి భుజాన వేసుకున్నాడు. “ఎంతసేపు నిలబడ్డావు?”

“ఒక నిమిషం ఉంటుంది.”

ఆయన రసీదు తీసుకుని, మడిచి, జేబులో పెట్టుకుని లేచాడు.

“నిమిషమేగా” అన్నాడు. “ఆ పిల్ల మాట వినటానికి నాకు మూడేళ్ళు పట్టింది.”